అవగాహన లేక కాదు, తెలిసే చేస్తున్నాం: నెల్లూరు, ప్రకాశం వైపు సభ్యుల చర్చ

పెన్నాగట్టు (నెల్లూరు), చర్చ మొదలు

పర్యావరణం మాట రాగానే మన దగ్గర అందరూ అనేది ఒకటే, ‘జనంలో అవగాహన లేదు’ అని. నేను ఒప్పుకోను. జాఫర్ సాహెబ్ కాలువలోకి కవరు విసిరే మనిషిని ఆపి అడగండి. ‘తప్పే, ఏం చేస్తాం’ అంటాడు. ఐదో తరగతి పిల్లలు కూడా ప్లాస్టిక్ మీద వ్యాసాలు రాస్తున్నారు. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులు కొన్నింటి మీద దేశమంతా నిషేధం వచ్చింది 2022 జులై 1న. థర్మోకోల్ ప్లేట్లు, ప్లాస్టిక్ గ్లాసులు, చెంచాలు, స్ట్రాలు, చివరికి స్వీటు డబ్బా మీద చుట్టే పల్చటి పొర కూడా అందులో ఉన్నాయి. క్యారీ బ్యాగు 120 మైక్రాన్ల కంటే పల్చగా ఉండకూడదన్న నిబంధన అదే ఏడాది డిసెంబరు 31 నుంచి అమల్లో ఉంది. పేపర్లలో వేశారు, మైకుల్లో చెప్పారు, గోడల మీద రాశారు.

మరి తెలిసి కూడా ఎందుకు మానడం లేదు? నాకు కనిపించే కారణం మర్యాద. ఇంటికొచ్చిన వాళ్లకు చెంబుతో నీళ్లిస్తే తక్కువ చేసినట్టు, సీలు తీయని బాటిల్ చేతిలో పెడితే గౌరవించినట్టు అయిపోయింది. పుట్టినరోజుకు ఫ్లెక్సీ, చావుకు ఫ్లెక్సీ. వేయకపోతే ఆ మనిషి మీద ప్రేమ లేనట్టు. కూరగాయల సంచి చేతిలో పట్టుకుని నడవడానికి కుర్రాళ్లకు నామోషీ. ఇవన్నీ తెలియక చేసే పనులు కావు. నలుగురూ ఏమనుకుంటారో అని చేసే పనులు. ఇంకో వెయ్యి ర్యాలీలు తీసినా వీటిని కదిలించలేవు.

మీ ఊళ్లో చూసింది రాయండి. ‘ప్రభుత్వం చేయాలి’, ‘జనం మారాలి’ అని ఒక్క ముక్కతో వదిలేయొద్దు. ఎక్కడ, ఎవరు, ఎందుకు చేస్తున్నారో చెప్పండి.

వంటమాస్టర్_కావలి

అన్నా, మర్యాద అన్నారే, అది నూటికి నూరుపాళ్లు నిజం. పెళ్లి భోజనాలు మాట్లాడుకోవడానికి వచ్చినవాళ్లు కూరలెన్ని, స్వీట్లెన్ని అని అడిగాక వెంటనే అడిగేది నీళ్ల బాటిల్ గురించే. పావు లీటరుదా, అర లీటరుదా, ఏ కంపెనీది? స్టీలు గ్లాసులు, జగ్గులు పెడదాం, ఖర్చు కూడా తగ్గుతుంది అని నేను చెప్తే ‘వియ్యాలవారు ఏమనుకుంటారో’ అంటారు. అక్కడితో ఆ మాట అయిపోతుంది.

బంతి లేచాక ఏం జరుగుతుందో తిని వెళ్లేవాళ్లు చూడరు కాబట్టి రాస్తున్నాను. టేబుళ్ల మీద ముందే ఒక రోల్ పరుస్తాం. పేరుకు పేపరే గానీ దానికి పల్చటి ప్లాస్టిక్ పూత ఉంటుంది. బంతి లేవగానే ఆ చివర నుంచి చుట్టుకుంటూ వస్తారు. ఆకు, అందులో వదిలేసిన అన్నం, సగం తాగిన బాటిల్, ఐస్‌క్రీం కప్పు, చేతులు తుడుచుకున్న టిష్యూ అన్నీ ఒకే చుట్టలోకి పోతాయి. రెండు నిమిషాల్లో టేబుల్ ఖాళీ, తర్వాతి బంతికి సిద్ధం. ఒట్టి అరటాకయితే గేదెలకు వేయొచ్చు, దిబ్బలో వేస్తే ఎరువవుతుంది. ఆ చుట్టను మాత్రం ఎవరూ విప్పరు. ట్రాక్టరుకు ఎత్తి ఊరి చివర పోసి వస్తారు.

ఇలా ఎందుకు మారిందంటే మనుషులు దొరకక. జగ్గు పట్టుకుని బంతి వెంట తిరిగే కుర్రాళ్లు, గ్లాసులు కడిగేవాళ్లు కావాలి. కరోనా తర్వాత ఒకరు తాగిన గ్లాసులో ఇంకొకరు తాగరు అనే సాకు కూడా తోడైంది. ఆ భయం పోయింది, బాటిల్ మాత్రం ఉండిపోయింది.

గిత్తలసీమ (ఒంగోలు)

వంటమాస్టర్ గారూ, ఆ చుట్టను ఎవరూ విప్పరు అన్నారు. పశువు మాత్రం వదలదండీ. నేను పశువైద్యశాలలో పనిచేస్తాను.

ఆవుకు పైదవడలో ముందు పళ్లుండవు. నాలుకతో లాక్కుని సరిగా నమలకుండానే మింగి, తర్వాత తీరిగ్గా నెమరు వేసుకుంటుంది. మనం మిగిలిన అన్నం, కూరగాయల తొక్కలు కవరులో పోసి, శుభ్రంగా ఉంటుందని ముడి వేసి మరీ పారేస్తాం. ముడి విప్పడం దానికి చేతకాదు, లోపలి వాసన మాత్రం తెలుస్తుంది. కవరుతో సహా మింగేస్తుంది. అది కడుపు మొదటి గదిలోనే ఉండిపోతుంది. ముందుకు పోదు, వెనక్కి రాదు. నెలలు, ఏళ్లు గడిచేకొద్దీ కవర్లు, తాళ్లు, గుడ్డపీలికలు కలిసి గట్టి ముద్దవుతాయి. మేత తగ్గుతుంది, నెమరు ఆగుతుంది, ఎడమ డొక్క ఉబ్బుతుంది, పాలు పడిపోతాయి. యజమాని అరుగుదల పొడులు పోసి పోసి ఆఖరికి మా దగ్గరికి తోలుకొస్తాడు.

అప్పుడు ఎడమ డొక్క కోసి చేత్తో తీయడమే. లోపలికి చెయ్యి పెట్టి లాగుతుంటే ఒకదానికొకటి మెలిపడి వస్తూనే ఉంటాయి. ఒకసారి అలా తీసిన ముద్దలో పాల ప్యాకెట్ కనిపించింది. మిగతాదంతా నల్లబడింది గానీ ప్యాకెట్ మీద అక్షరాలు చదవడానికి వీలుగానే ఉన్నాయి. ఎవరి ఇంటి పాలో, ఏ ఆవు కడుపులోకి పోయాయో.

మన పశుజాతిని బ్రెజిల్ వాళ్లు నెల్లూరు పేరుతోనే ‘నెలోర్’ అని పిలిచి మందలు మందలుగా పెంచుకుంటున్నారు. మన దగ్గర ఆవులు కుండీల దగ్గర నిలబడుతున్నాయి. ఒక్క మాట అడుగుతున్నాను. తడి చెత్త వేరు చేయడం కుదరకపోతే కనీసం కవరు ముడి విప్పి బోర్లించండి. అన్నం పశువు తింటుంది, కవరు పక్కన పడి ఉంటుంది.

కిరాణా_కందుకూరు

మా మీద కోపం ఉన్నవాళ్లు చాలామంది ఉంటారు, ముందే చెప్తున్నాను. కవర్లు ఇచ్చేది మేమే. కానీ కౌంటరులో కూర్చుని చూడండి. ‘సంచి తెచ్చుకోలేదా అమ్మా’ అని అడిగితే ‘రెండు రూపాయల కవరుకు ఇంత ఆలోచిస్తావా’ అని పక్క కొట్టుకు పోతారు. ఊళ్లో కొట్లన్నీ ఒకేసారి ఆపితే తప్ప ఒక్కడు ఆపి బతకలేడు. తనిఖీ వచ్చిన వారం రోజులు అందరం ఆపుతాం. ఆ వారం జనం సంచులు తెచ్చుకుంటారు కూడా! అదే నాకు ఆశ్చర్యం. ఎవరూ చచ్చిపోరు, ఎవరి వంటా ఆగదు. తనిఖీ ఆగాక మళ్లీ మామూలే.

ఇంకో సంగతి. బట్టల కొట్లలో, స్వీటు షాపుల్లో ఇచ్చే రంగురంగుల సంచులు గుడ్డవి అనుకుంటున్నారు చాలామంది. అవి నేసినవి కావు. పాలీప్రొపిలీన్ దారాలను వేడితో అతికించి చేసినవి, అంటే ప్లాస్టిక్కే. చదరపు మీటరుకు 60 గ్రాముల బరువైనా లేకపోతే వాటి మీదా నిషేధం ఉంది. నాలుగుసార్లు ఎండలో వేస్తే పొడిపొడిగా రాలిపోతాయి. ఆ పొడి ఎక్కడికి పోతుందో ఆలోచించండి.

తెల్లవారుజాము (నెల్లూరు)

మా అమ్మ పారిశుద్ధ్య పని చేస్తుంది. ఈ చర్చలో ఆమె తరఫున రాయాలనిపించింది.

చెత్త బండి వస్తుంది, ఈల వేస్తారు. మేడ మీద నుంచి తాడు కట్టిన బకెట్ దిగుతుంది. అందులో అన్నం, పిల్లల డైపర్లు, పగిలిన గాజు, ట్యూబులైటు ముక్క అన్నీ ఒకే కవరులో. ఆకుపచ్చ డబ్బాలో తడి, నీలం డబ్బాలో పొడి, ఎర్ర డబ్బాలో ప్రమాదకరమైనవి వేయాలని ఇంటింటికీ డబ్బాలు ఇచ్చి చెప్పారు. ఆ డబ్బాల్లో బియ్యం, పప్పు పోసుకున్న ఇళ్లు మా అమ్మ చాలా చూసింది. వేరు చేసే పని చివరికి ఆమె చేతుల మీదే పడుతుంది. గ్లౌజులు ఉన్నా గాజుపెంకు ఆగదు. కుట్లు పడిన వేలితో మర్నాడు పనికి పోయింది.

పెన్నాగట్టు గారు మర్యాద అన్నారు. మాకు తెలిసిన మర్యాద వేరు. వాడిన ప్యాడ్లు, డైపర్లు పాత పేపరులో చుట్టి విడిగా ఇవ్వడం 2016 నాటి నిబంధనల్లోనే ఉంది. అది చట్టం కోసం కాదు, ఎదుటి మనిషి చేతులకు ఇచ్చే గౌరవం. అలా ఇచ్చే ఇళ్లు కూడా మా అమ్మ వీధిలో ఉన్నాయి. వాళ్ల పేర్లు ఆమె మాకు చెప్తుంది.

స్లేటుబలపం (మార్కాపురం)

తెల్లవారుజాము, నీ మాట చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను తల్లీ. అమ్మకు నా నమస్కారం చెప్పు.

నేను బడిలో పాఠాలు చెప్తాను. ఇంటి లోపల ఏం జరుగుతుందో కూడా మాట్లాడుకుందాం. ‘చెత్త వేరు చేయండి’ అని వచ్చే ప్రతి ప్రకటనలో ఆడమనిషి బొమ్మే ఉంటుంది. వంట ఆమెది, తొక్కలు ఆమెవి, రెండు డబ్బాలు ఆమెవి. సాయంత్రం బజారు నుంచి పకోడీలు కవరులో, చట్నీ ఇంకో చిన్న కవరులో, టీ మరో కవరులో కట్టించుకుని వచ్చేది ఎవరు? మరిగే టీ పల్చటి కవరులో పోయించుకుని వేలాడదీసుకుని రావడం మన వైపు ఊళ్లలో ఎంత మామూలో అందరికీ తెలుసు. పేపరు కప్పు కూడా మంచిదేం కాదు. దాని లోపల ప్లాస్టిక్ పొర ఉంటుంది. వేడి పానీయం పోసి 15 నిమిషాలు ఉంచితే 100 మిల్లీలీటర్లలోకి సుమారు 25 వేల ప్లాస్టిక్ సూక్ష్మ కణాలు దిగుతాయని ఐఐటీ ఖరగ్‌పూర్ వాళ్లు 2020లో చెప్పారు. ఇంట్లో స్టీలు క్యాను ఉంటుంది. అది పట్టుకుని వెళ్లడానికి మగవాళ్లకు సిగ్గు.

మా పిల్లలకు ఈ ఏడాది వ్యాసం రాయించలేదు. టిఫిను డబ్బా పట్టుకుని నాన్నతో కలిసి హోటలుకు వెళ్లి పార్సిల్ అందులో కట్టించుకుని రమ్మన్నాను. కొందరు నాన్నలు ఒప్పుకోలేదు. ఒప్పుకున్నవాళ్లలో ఒకాయన తర్వాత బడికి వచ్చి, హోటలువాళ్లు డబ్బాలో ఇంకాస్త ఎక్కువ కూరే వేశారని చెప్పాడు.

మాగాణి_రైతు (కోవూరు)

పొలం సంగతి ఎవరూ ఎత్తలేదు. గడ్డి తగలబెట్టడం గురించి మమ్మల్ని తిట్టేవాళ్లు ముందు ఇది వినాలి.

మార్చి, ఏప్రిల్‌లో కోత అవుతుంది. ఎడగారుకు (రెండో పంటకు) నీళ్లు వదులుతారని తెలిస్తే నారు పోయడానికి తొందర. మిషను కోసిన మడిలో గడ్డి చిందరవందరగా పడి ఉంటుంది, మోడు మోకాలి కింద దాకా నిలబడి ఉంటుంది. ఒకప్పుడు చేత్తో కోసి, కుప్ప వేసి, గడ్డి వామి వేసేవాళ్లం. ప్రతి ఇంటికీ ఎడ్లు, గేదెలు. ఇప్పుడు పశువుల్లేవు, గడ్డి ఎవరికి? కట్టలు కట్టే మిషను పిలిస్తే కిరాయి. కొనేవాడు వస్తే సరే, రాకపోతే అగ్గిపుల్ల.

నష్టం మాకు తెలియక కాదు. టన్ను వరిగడ్డి కాలిస్తే 5.5 కిలోల నత్రజని, 2.3 కిలోల భాస్వరం, 25 కిలోల పొటాష్, 1.2 కిలోల గంధకం నష్టమని వ్యవసాయ శాఖ లెక్క. ఆ పోషకాలనే మళ్లీ బస్తాలుగా కొనుక్కొచ్చి చల్లుతున్నాం. గట్ల మీది తాటిచెట్లు మొదళ్లు కాలి మాడిపోతాయి. హైవే మీదికి పొగ పోయి బండ్లు గుద్దుకున్న రోజులు ఉన్నాయి.

నేను మా మడిలో కాల్చడం మానేశాను. నీళ్లు పెట్టి, ఎకరాకు బస్తా సూపర్ ఫాస్ఫేట్ చల్లి రోటవేటరు వేయించాను. మోడు కుళ్లడానికి రెండు వారాలు పైగా పట్టింది. కాలువలో నీళ్లు ముందుగా వదిలితేనే అది కుదురుతుంది. ఆలస్యంగా వదిలిన ఏడాది పక్క రైతును ఆగమని నేను చెప్పలేను. ఇక్కడ అడ్డం వచ్చేది మర్యాద కాదు అన్నా, టైము.

పెన్నాగట్టు

రైతన్నా, నిజం. పొలం విషయంలో నా లెక్క సరిపోదు. కానీ ఊళ్లో ఖాళీ స్థలాల్లో ఆకులు, కవర్లు కుప్ప చేసి తగలబెట్టేవాళ్లకు నీళ్ల టైముతో పని లేదు కదా. ఆరుబయట చెత్త కాలిస్తే 5 వేలు, పెద్ద ఎత్తున కాలిస్తే 25 వేలు జరిమానా అని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరులోనే ఉత్తర్వు ఇచ్చింది. మా వీధిలో పొద్దున్నే వాకిలి ఊడ్చి, కళ్లాపి చల్లి, ముగ్గు పెట్టి, ఊడ్చిన చెత్తకు అక్కడే నిప్పు పెడతారు. ఆ పొగ పక్కింటి ముసలాయన ఆయాసానికి పోతుంది. అందరూ మంచివాళ్లే.

కనిగిరి_నీళ్లు

మా సంగతి కాస్త వేరు. కనిగిరి, పామూరు, పీసీపల్లి వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్. లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దారి లేకపోతే 1.5 దాకా ఒప్పుకుంటారు. మా దగ్గర చాలా బోర్లలో అంతకు మించి ఉంది. గారపట్టిన పళ్లు, వంగిపోయిన కాళ్లు చూసి పెరిగినవాళ్లం. అందుకని టిన్ను నీళ్లు మాకు మర్యాద కాదు, ప్రాణం. వెలిగొండ ప్రాజెక్టు నీళ్లు వస్తాయని తాతల కాలం నుంచి వింటున్నాం.

అయినా ఒక మాట చెప్పాలి. టిన్ను నీళ్లు వచ్చాక ఊరి చెరువు ఎవరికీ కాకుండా పోయింది. మా నాయన చిన్నప్పుడు మంచినీళ్ల చెరువులో కాలు కడుక్కున్నా పెద్దలు అరిచేవాళ్లట. గట్టు మీదికి గొడ్లను రానిచ్చేవాళ్లు కాదు. ఎవరి బిందెయినా అందులోనే మునగాలి కాబట్టి ఎవరికి వాళ్లే కాపలా. ఇప్పుడు బిందె ముంచేవాడు లేడు. కోళ్ల వ్యర్థాలు, పాత పరుపులు, వినాయకుడి బొమ్మల ఇనుప చట్రాలు అన్నీ అందులోనే. గట్టు నిండా చిల్లచెట్లు (సర్కారు తుమ్మ). చెరువు నిండితే పక్క బావుల్లోకి వాన నీరు ఊరి, ఫ్లోరైడ్ కాస్తయినా పలచబడుతుందని తెలిసీ చెరువును వదిలేశాం.

నీళ్ల ప్లాంట్ల సంగతి కూడా చూడండి. శుద్ధి చేయగా మిగిలిన నీళ్లలో ఫ్లోరైడ్ ఇంకా చిక్కగా ఉంటుంది. దాన్ని పక్క కాలువలోకి వదిలేస్తారు, మళ్లీ భూమిలోకే ఇంకుతుంది. అడిగేవాళ్లు లేరు.

గెలాక్సీరాయి (చీమకుర్తి)

మీరంతా కవర్ల గురించి, కప్పుల గురించి మాట్లాడుకుంటున్నారు, బాగానే ఉంది. మా వైపు వచ్చి చూడండి. క్వారీ దుమ్ము, రాళ్లు కోసిన బురద రోడ్ల పక్కన పోసినవి గుట్టలుగా ఉంటాయి. ఎండితే తెల్లటి పొడి గాల్లోకి లేస్తుంది, ఇళ్లలో అన్నం మీద పడుతుంది. తీరం వెంబడి రొయ్యల చెరువుల ఉప్పునీళ్లు పక్క పొలాల్లోకి ఊరుతున్నాయి. కృష్ణపట్నం ఓడరేవు, థర్మల్ కరెంటు కేంద్రాల వైపు బొగ్గు దుమ్ము, బూడిద. అక్కలు పేపరు కప్పు మానేస్తే ఇవి ఆగుతాయా? మామూలు జనాన్ని తప్పుపట్టడం తేలిక. పెద్ద చేతుల జోలికి ఎవరూ పోరు.

పాలెం_కుర్రాడు (మైపాడు)

గెలాక్సీ అన్నా, కోపం న్యాయమైనదే. మరి ఇది కూడా విను.

కార్తీక మాసంలో మా తీరానికి జనం వేలల్లో వస్తారు. సముద్ర స్నానం, దీపాలు, వనభోజనం. అంతా భక్తితో వచ్చేవాళ్లే. సాయంత్రానికి ఇసుకలో ప్లేట్లు, బాటిళ్లు, పసుపు కుంకుమ ప్యాకెట్లు. అరటి దొప్పలో వెలిగించే దీపాన్ని ఇప్పుడు థర్మోకోల్ ముక్క మీద పెట్టి వదులుతున్నారు. దొప్ప నాలుగు రోజుల్లో కుళ్లిపోతుంది. థర్మోకోల్ పూసలు పూసలుగా విడిపోయి ఒడ్డు పొడుగునా ఉంటుంది. గంగమ్మకు దండం పెట్టి ఆమె ఒడిలోనే వదిలి వెళ్తున్నారు. ఏ కంపెనీ వచ్చి చేసింది ఇది?

మా వాళ్ల తప్పు కూడా దాచను. చినిగిన నైలాను వల బరువని సముద్రంలోనే వదిలేసే బోట్లు ఉన్నాయి. నీళ్లలో అది చేపలను పడుతూనే ఉంటుంది, తీసుకునేవాడు ఉండడు. జనవరి నుంచి గుడ్లు పెట్టడానికి ఒడ్డుకు వచ్చే తాబేళ్లు వలల్లో చిక్కి ఊపిరాడక చచ్చి కొట్టుకొస్తాయి. పులికి ఎంత రక్షణో ఈ తాబేలుకూ చట్టంలో అంత రక్షణ ఉంది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట ఆపుతాం, కడుపు మాడినా ఆపుతాం, చేపలు పెరగాలని. మేం ఆపగలిగినప్పుడు ఒక్క పూట వచ్చినవాళ్లు తెచ్చిన కవరు తిరిగి తీసుకుపోలేరా?

నిర్వాహకులు

చెత్త పన్ను మీద, పార్టీల మీద వచ్చిన పోస్టులు కొన్ని తొలగించాం. 2021లో వచ్చిన ఆ వసూళ్లు 2024లో రద్దయ్యాయి, దాని మీద వాదన ఇక్కడ అవసరం లేదు. ఊరిలో చూసినవి రాయండి, ఎవరినీ పేరు పెట్టి దూషించవద్దు.

స్లేటుబలపం

గెలాక్సీరాయి గారూ, మీరు చెప్పినదాంట్లో నేను కాదనేది ఏమీ లేదు. కానీ పెద్ద చేతుల జోలికి పోవడం కూడా మన రోజువారీ ప్రవర్తనలోదే కదా. కేంద్ర పర్యావరణ శాఖ 2006 సెప్టెంబరు నోటిఫికేషన్ ప్రకారం చాలా పెద్ద ప్రాజెక్టులకు అనుమతికి ముందు ప్రజాభిప్రాయ సేకరణ పెట్టాలి. కనీసం 30 రోజుల ముందు పేపర్లో ప్రకటన వేయాలి. ఆ ప్రాజెక్టు వల్ల పర్యావరణం మీద పడే ప్రభావంపై నివేదిక సారాంశం తెలుగులో అందుబాటులో పెట్టాలి. కలెక్టరు గానీ ఆయన తరఫు అధికారి గానీ కూర్చుంటారు. అక్కడ ఎవరైనా లేచి మాట్లాడవచ్చు, రాసి ఇవ్వవచ్చు, దాన్ని నమోదు చేయాల్సిందే.

ఎంతమంది పోతున్నాం? నేను ఒకసారి వెళ్లాను. బస్సుల్లో తెచ్చినవాళ్లు ఒకవైపు, ఉద్యోగాలు వస్తాయా అని అడిగే కుర్రాళ్లు ఒకవైపు. నీళ్ల గురించి, దుమ్ము గురించి అడిగినవాళ్లు బాగా తక్కువ. ఆడవాళ్లు అసలు లేరనే చెప్పాలి. నివేదిక చదివి వచ్చిన ఒక పెద్దాయన రెండు ప్రశ్నలు వేసేసరికి వేదిక మీద అందరూ కాగితాలు తిరగేశారు.

గెలాక్సీరాయి (చీమకుర్తి)

టీచరమ్మా, ఆ సారాంశం ఎక్కడ దొరుకుతుంది? మా ఊళ్లో ఇలాంటివి జరిగాక తెలుస్తుంది.

స్లేటుబలపం

కలెక్టరేట్‌లో, జిల్లా పరిషత్‌లో, పరిశ్రమల కేంద్రంలో, కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయంలో పెట్టాలి. ప్రకటన వచ్చిన రోజే వెళ్లి అడగండి. ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్తే పని త్వరగా అవుతుంది.

మాగాణి_రైతు

మళ్లీ కాలువల దగ్గరికి వస్తాను. 2021 నవంబరు వరదలో పడుగుపాడు దగ్గర హైవే తెగింది, రైలు పట్టాలు కొట్టుకుపోయాయి. అది పెన్నా పొంగడం వల్ల, చెత్త వల్ల కాదు. కానీ ఊళ్లలో నీళ్లు రోజుల తరబడి నిలిచిపోవడానికి తూములకు అడ్డం పడిన కవర్లు కూడా కారణమే. మా తూము దగ్గర మేమే దిగి తీశాం. చెయ్యి పెడితే ముందు వచ్చింది నీళ్ల బాటిళ్లు. వంటమాస్టర్ చెప్పిన బాటిళ్లే అనుకోండి.

వంటమాస్టర్_కావలి

నాకు తగలాల్సిన మాటే రైతన్నా. ఈ చర్చ చదివాక ఒకటి నిర్ణయించుకున్నాను. ఇకమీదట నా ధరల కాగితంలో మొదటి వరుసలో స్టీలు గ్లాసులు, జగ్గులు రాస్తాను. బాటిల్ కావాలంటే వాళ్లే అడగాలి, దానికి విడిగా ధర ఉంటుంది. ఇప్పటిదాకా బాటిల్ ముందు రాసి, గ్లాసు ఎవరైనా అడిగితే చెప్పేవాడిని. టేబుల్ రోల్ కూడా తీసేసి తడిగుడ్డతో తుడిపిస్తాను. మాఘమాసం ముహూర్తాలకు ఇది చేసి చూసి ఇక్కడే రాస్తాను.

నా దగ్గర ఉన్న స్టీలు సామాను పెళ్లిళ్లు లేని రోజుల్లో ఊరికే ఉంటుంది. చిన్న ఫంక్షన్లకు, కర్మల భోజనాలకు ఎవరైనా తీసుకెళ్లవచ్చు. కడిగి తెచ్చి ఇస్తే చాలు, అద్దె వద్దు.

కనిగిరి_నీళ్లు

మాస్టరు గారూ, మీకు కడగడానికి నీళ్లున్నాయి. మా దగ్గర వేసవిలో ట్యాంకరు కోసం బిందెలు వరుస పెడతాం. అయిదువందల ప్లేట్లు కడగమంటే తంతారు. మాకు మోదుగాకు విస్తరే సరి. ఊళ్లో కుట్టే ముసలమ్మలు ఇంకా ఉన్నారు, కొనేవాళ్లు లేక మానేశారు. గ్లాసులు మాత్రం స్టీలువి పెట్టొచ్చు, అవి కడగడానికి ఒక డ్రమ్ము నీళ్లు చాలు.

గిత్తలసీమ

విస్తర్లయితే ఇంకా మంచిది. ఒక్క జాగ్రత్త, అరటాకు బొమ్మ అచ్చేసిన పేపరు విస్తర్లు తీసుకోవద్దు. మెరుస్తున్నాయంటే పైన ప్లాస్టిక్ పొర ఉన్నట్టే. చించి చూడండి, అంచున పొర సాగుతుంది.

కిరాణా_కందుకూరు

మోదుగాకు విస్తర్లు కట్టలు కట్టి పంపిస్తే మా కొట్లో పెడతాను, నాకు లాభం వద్దు. పక్క కొట్లవాళ్లతో కూడా మాట్లాడుతున్నాను. కవర్లు అందరం ఒకే రోజు ఆపుదామని. ముగ్గురు సరే అన్నారు, ఇద్దరు పండగ వెళ్లాక చూద్దాం అన్నారు.

తెల్లవారుజాము

వంటమాస్టర్ గారూ, కావలి నుంచి నెల్లూరుకు గ్లాసులు పంపగలరా? వచ్చే నెల మా వీధిలో ఒక సీమంతం ఉంది. రెండు వందల మంది. నేను మాట్లాడాను, వాళ్లు ఒప్పుకున్నారు. కడగడం మేం చూసుకుంటాం.

వంటమాస్టర్_కావలి

పంపుతానమ్మా. తేదీ చెప్పు. రెండు వందల ఇరవై పెడతాను, జగ్గులు కూడా. ఒక గ్లాసు అటూ ఇటూ అయినా ఏమీ అనుకోను.